ప్రకృతి విహారము: పాలలెక్కలో పిచ్చుకలు



క్రిందటి సంచికలో పిట్టలను చూడబోవు సంఘములవారిని గూర్చి నేను నాలుగు మాటలు వ్రాసితిని. దానిని చదివి యొక సోదరి కొంచెము కోపముతోడనే ఉత్తరము వ్రాసినది. "మా పెరటి జామచెట్టుమీద చిలుకలున్నవి. గోడమీద కాకులున్నవి. మా అత్తగారు చల్లెడి నూకలకు పావురములు దినదినమును వచ్చుచున్నవి. వీనిని చూచుటకై ఆదివారము తెల్లవారుజామున ఇల్లు విడిచి, ముక్కుమొగమెఱుగని వారివెంట చెఱువుగట్లపై తిరుగవలెనా? ఆ పూట ఇంటిల్లిపాదికి ఫలహారము మాట యేమి?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్నలోని రెండవ సగమునకు నాయొద్ద గొప్ప సమాధానము లేదు. నేను శనివారము రాత్రియే పిండి రుబ్బి పెట్టి పోయితిని. మఱునాడు దోసెలు ఎవరు పోసిరో, అందెన్ని మాడినవో తిరిగివచ్చిన పిమ్మట విచారింపలేదు. విచారింపకపోవుటయే మేలని తోచినది. మొదటి సగమునకు మాత్రము జవాబు చెప్పక తప్పదు. అది యొక్కమాటతో తేలునది కాదు గనుక ఈ నెల పుటలన్నియు దానికే వినియోగించుచున్నాను.

మొదట ఈ సంఘములు ఎక్కడివో కొంచెము చెప్పెదను. మన దేశమున వీనికి పెద్దదిక్కు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము. 1883 సెప్టెంబరు 15వ తేదీన ఎనిమిదిమంది ఒక వస్తుప్రదర్శనశాలలో కూడి దానిని స్థాపించిరి. తాము చూచిన జంతువులను, పక్షులను గూర్చి ఒకరికొకరు చెప్పుకొనుటయు, దొరికిన వింతవస్తువులను తెచ్చి చూపుకొనుటయు వారి యుద్దేశము. ఆ ఎనిమిదిమందిలో ఇద్దరు మనదేశపు వైద్యులు: ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అనువారు. ఈ సఖారాం అర్జునుగారి పేరు విన్నవారు మనలో తక్కువయే కాని, ఆయన పెంచిన కూతురు రఖ్మాబాయి పేరు విననివారు తక్కువ. బాల్యవివాహమును ఒల్లక న్యాయస్థానములో నిలిచి, పిమ్మట లండనులో వైద్యము చదివివచ్చిన ఆ రఖ్మాబాయి ఈయన యింటనే పెరిగినది. పిట్టలను చూచు సంఘమునకును ఆ యింటి ఆడపిల్ల ధైర్యమునకును సంబంధము కలదని నేననను. ఒకే యింటి గడపలో రెండును ఉండినవని మాత్రము చెప్పుచున్నాను.

మన హైదరాబాదులో ఇట్టి సంఘము 1980లో ఏర్పడినది. అప్పుడు దాని పేరు 'బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్'. రాష్ట్రవిభజన తరువాత 'డెక్కన్ బర్డర్స్' అని పేరు మార్చుకొనిరి. వారి పత్రిక పేరు అచ్చమైన తెలుగు మాట: 'పిట్ట'. ఈ పేరు ఊరక పెట్టినది కాదు. పొన్నంకి పిట్ట యను నొక రంగురంగుల చిన్నపక్షి కలదు. ఆకుపచ్చని వీపు, నీలపు మచ్చ గల రెక్క, తోకక్రింద కుంకుమవన్నె. అది వేసవిలో ఉత్తరమునను నడిమి దేశపు అడవులలోను పిల్లలను పెంచి, చలికాలమునకు దక్షిణమునకు వచ్చును. ప్రయాణపు బడలికచేత ఒక్కొక్కప్పుడు పట్టణములలోని పెరళ్లలో సొమ్మసిల్లి పడియుండుటయు కలదు. ఈ జాతికి శాస్త్రనామము కావలసివచ్చినప్పుడు వియెయో అను ఫ్రెంచి పండితుడు 1816లో 'పిట్ట' యనియే పెట్టెను. మనము పిల్లవానికి అన్నము తినిపించుచు "అదిగో పిట్ట" అని చూపెడి మాటను లోకములోని పక్షిశాస్త్రజ్ఞులందరును రెండువందల యేండ్లనుండి పలుకుచున్నారు.

నేను వెళ్లినది అంత పెద్ద సంఘముతో కాదు. మా పేటలో వారిని చూచి ఏర్పరచుకొన్న చిన్న గుంపు. ఇరువదిమందికి కొంచెము తక్కువ. పదవీ విరమణ చేసిన యొక లెక్కల మాస్టారు దానికి పెద్ద. నెలకొక ఆదివారము విహారము, నెలకొక సాయంకాలము సభ. చందా యున్నదికాని అడుగువారు లేరు.

ఫాల్గుణమాసపు టాదివారమున మేము చేరినది నగరమునకు పడమట పటాన్‌చెరు దగ్గఱనున్న అమీన్‌పూర్ చెఱువు. దీనిని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నగర ప్రాంతపు జలాశయమునకు దేశములో ఇట్టి గుర్తింపు వచ్చుట అదియే మొదలు. గుర్తింపు వచ్చినంతమాత్రమున చుట్టును మేడలు లేచుట ఆగలేదు. గట్టుమీద నిలిచి చూచితిమేని ఒకవైపు నీటిలో మేడల నీడలు, ఇంకొకవైపు కొంగల నీడలు. గట్టు వారను పూజాద్రవ్యములు కట్టి విసరిన ప్లాస్టిక్ సంచులు చాలనుండెను. వానిని విసరినది మనయిండ్లలోని చేతులే గనుక దానినిగూర్చి ఎక్కువ వ్రాయుటకు సిగ్గగుచున్నది.

నేను ఆనాడు కట్టుకొన్నది మిరపపండు రంగు చీర. మాస్టారు దానిని చూచి యేమియు ననలేదు. "అమ్మా, మీరు కొంచెము వెనుకగా నడువుడు" అని మాత్రము అనెను. కొంతదూరము నడిచిన పిమ్మట కాని నాకు కారణము తెలియలేదు. తక్కినవారందరును మట్టిరంగు, ఆకురంగు వస్త్రములు ధరించియుండిరి. పక్షుల కంటికి రంగులు మనకన్న బాగుగా కనబడునట.

నీటిమీద నల్లని పక్షులు గుంపులుగా తేలుచుండగా "ఎన్ని బాతులు!" అంటిని. మాస్టారు దుర్భిణి నా చేతికిచ్చి ముక్కు చూడుమనెను. ముక్కును, దానిపైని నుదురును సున్నము పూసినట్లు తెల్లగానున్నవి. అవి బాతులు కావు, బొల్లికోళ్లు. బాతుకువలె కాలివ్రేళ్ల నడుమ తోలు పఱచియుండదు. వ్రేలికి వ్రేలికి వేఱువేఱుగా రేకులుండును. అసలు బాతులు వానికి ఆవల నుండినవి. తోక సూదివలె సాగియున్న బాతులవి. చలికాలమునకు హిమాలయములకు ఆవలనుండి వచ్చినవి, తిరుగు ప్రయాణమునకు సిద్ధముగానున్నవి. నేను పదేండ్లుగా ఆ దారిని బస్సులో పోవుచు వీనినన్నిటిని 'బాతులు' అను నొక్కమాటతో సరిపుచ్చితిని. పుట్టింటివారిని, అత్తింటివారిని అందరిని కలిపి 'చుట్టాలు' అన్నట్లున్నది.

నీటికాకి యొకటి ఎండుకొమ్మపై కూర్చుండి రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండెను. దాని యీకలు తడియును. తడియుటచేతనే నీటిలోతునకు మునుగుట దానికి సులువు. అందుచేత పని తీరినపిదప తప్పక ఆరవేసికొనవలెను. నత్తగుల్లకొంగ దాపుననే దిగినది. దాని ముక్కు మూసికొన్నను నడుమ సందు మిగులును. ఆ సందు పుట్టుకతో రాదనియు, పిల్లకొంగకు ముక్కు తిన్నగానే యుండి, పెద్దదగుకొలది సందు ఏర్పడుననియు మాస్టారు చెప్పెను. నత్తను గుల్లనుండి ఊడదీయుటకు అట్టి ముక్కు తగినది.

ఇంతలో గట్టు క్రింది బయలునుండి తీతువు అఱచినది. మా వెంట వచ్చిన యొకామె వెంటనే ఆగి, చెవులు మూసికొని, "పొద్దుననే యీ కూత యేమి?" అనెను. ఆమె తప్పు కాదు. నేనును చిన్ననాట రాత్రివేళ తీతువు కూసినచో మా నాయనమ్మ లోపలికి రండని కేకవేయుట ఎఱుగుదును. మాస్టారు మమ్ము అక్కడనే నిలువుమని, ముప్పది గజముల దూరమున నున్న గులకరాళ్లవైపు చూపెను. దుర్భిణిలో చాలసేపు చూచినపిమ్మట కాని నాకు కనబడలేదు. రాళ్ల నడుమ రాళ్లవలెనే మచ్చలు గల నాలుగు గ్రుడ్లు. గూడు లేదు, గడ్డిపోచ లేదు, బయటినేల. తీతువు చెట్టెక్కదు. నేలమీదనే గ్రుడ్లు పెట్టును. కుక్క వచ్చినను, ఆవు వచ్చినను, మనుష్యులు వచ్చినను దానికి గొంతు తప్ప వేఱాయుధము లేదు. ఎండ మిక్కుటమైనప్పుడు నీటికి పోయి పొట్ట యీకలు తడిపికొని వచ్చి గ్రుడ్లపై కూర్చుండునట. చెవులు మూసికొన్న యామె చెవులమీది చేతులు తీసి, చాలసేపు చూచినది. "అయ్యో, పాపము, పిల్లల తల్లియా!" అనెను. మేము ఇంక ఆ దిక్కునకు పోలేదు. గూటి దగ్గఱకు పోరాదనుట ఆ గుంపులో గట్టి నియమము. మనము చూపిన దారినే కాకియు చూచునట.

తిరిగి వచ్చునప్పుడు ఒక గేదె వీపుపై నల్లని పక్షి, చేపతోకవలె చీలిన తోకగలది, కూర్చుండి యుండెను. దాని పేరు ఎవరికిని తెలియదు. ఇంగ్లీషు పేరు మాత్రము పదేండ్ల పిల్లకును తెలిసినది. గేదెలను తోలుకొనిపోవు ముసలవ్వను అడిగితిమి. "పసులపోలిగాడు" అని చెప్పి, ఇదికూడ తెలియదా యన్నట్లు మావంక చూచి పోయినది. ఆ పేరే జెర్డన్ అను దొర పుస్తకములో నున్నదని మాస్టారు చెప్పెను. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన ఆయన 1862-64 నడుమ అచ్చువేసిన తన పక్షుల గ్రంథములో ఒక్కొక్క పిట్టకు తెలుగు పేరును అడిగి తెలిసికొని వ్రాసెను.  నూటయరువది యేండ్లు దాటినను ఆ పేరు ఆ అవ్వ నోటిలో నున్నది, మా గుంపులో నొక్కరి నోటిలోను లేదు.

ఇంగ్లీషు పేరు చెప్పిన ఆ పదేండ్ల పిల్ల చేతిలో చిన్న పుస్తకముండెను. గంట, స్థలము, ఎన్ని పక్షులు, ఏమి చేయుచున్నవి అని నాలుగు గడులు గీసికొని నింపుచుండెను. నా చేతులు చూచి, "అత్తా, మీ పుస్తకమేది?" అని అడిగినది. గుర్తుంచుకొందునంటిని. "గుర్తుంచుకొన్నది లెక్కలోనికి రాదని మాస్టారు చెప్పినారు" అని చెప్పి ముందుకు నడిచినది. పిల్లల మాటకు కోపగించుకొనరాదుగదా. అయినను ఇంటికి చేరువఱకు ఆ మాట నన్ను విడువలేదు.

ఆ నెలలో సభ 20వ తేదీన పడినది. 2010 మొదలుకొని ఆ తేదీని పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. బడిలోని యొక గదిలో బల్లలు సర్దుకొని కూర్చుంటిమి. ముందు ఒక యువకుడు గిజిగాని గూటిని గూర్చి మాటలాడెను. గూడు అల్లునది మగపక్షి. సగము అల్లి, తలక్రిందుగా పెట్టిన బుట్టవలెనుండగా రెక్కలల్లార్చి ఆడపక్షులను పిలుచును. అవి వచ్చి, లోపల దూఱి, పోచలు లాగి చూచి, నచ్చినచో ఉండును, నచ్చనిచో పోవును. నచ్చిన పిమ్మటనే మగపక్షి మిగిలిన సగము అల్లును. పెండ్లిచూపులు అటునుండి ఇటు తిరిగిన యీ జాతిని గూర్చి వినుచు మా స్త్రీల బల్ల యంతయు నవ్వినది. పురుషుల బల్ల అంతగా నవ్వలేదు.

పిదప పిచ్చుకల మాట వచ్చినది. మీలో ఎవరింట పిచ్చుకలు గూడు కట్టినవి, ఎప్పటివఱకు కట్టినవి అని మాస్టారు అడిగెను. సభ యంతయు ఒక్కసారిగా మాటలాడినది. పెంకుటింటి దూలములలో నని యొకరు, దేవుని పటము వెనుక నని యొకరు, విద్యుద్దీపపు గిన్నెలో నని యొకరు. వరికంకుల కుచ్చును వసారాలో వ్రేలాడగట్టుట అందరికిని గుర్తే. "ఎప్పుడు మానినవి?" అని మరల అడిగినంతనే సభ చల్లబడినది. "మా పెద్దవాని పెండ్లినాటికి ఉండినవి." "కొత్తయిల్లు కట్టిన తరువాత లేవు." "చూచినట్లే లేదు, ఎప్పుడు పోయినవో తెలియదు." ఇంటిలో మనతోకూడ తిని, మనతోకూడ పిల్లలను పెంచిన ప్రాణి యిల్లు విడిచిపోయిన సంవత్సరము ఇరువదిమందిలో నొక్కరు చెప్పలేకపోయిరి.

అప్పుడు వెనుక బల్లనుండి ఒక పెద్దమ్మగారు లేచినది. ఆమె అంతకుముందు రెండు సభలకు వచ్చి ఒక్క మాటయు నాడలేదు. చేతిసంచిలోనుండి చుట్టచుట్టిన గోడ క్యాలెండర్లు తీసి, "ఇవి పనికివచ్చునో రావో" అని బల్లమీద పెట్టినది. పాలలెక్క వ్రాయు క్యాలెండర్లు. ఒక్కొక్క గడిలో పాలు ఎంత పోసిరో, చాకలికి ఎన్ని బట్టలు వేసిరో వ్రాసియున్నది. కొన్ని గడులలో మూలను చిన్న అక్షరములతో 'పి. గూడు' అనియు, సుమారు నెలదినముల పిమ్మట 'పి. ఎగిరినవి' అనియు నున్నది. ఏడాదికి రెండుమాఱులు, ఒక్కొక్క ఏడు మూడుమాఱులు.

మాస్టారు ఆ తేదీలను వ్రేలితో లెక్కించుచుండగా ఆయన మొగము చూడదగినదిగా నుండెను. పిచ్చుక గ్రుడ్లను పదునొకండు మొదలు పదునాలుగు దినములు పొదుగును. పిల్లలు ఇంచుమించుగా రెండు వారములకు ఎగురును. గూడు అల్లుట మొదలుకొని లెక్కించిన పెద్దమ్మగారి నెలదినములును, పక్షిశాస్త్రపు లెక్కయు సరిగా కలిసినవి. "అమ్మా, మీరు దీనిని ఎందుకు వ్రాసికొంటిరి?" అని ఆయన అడిగెను.

"ఫ్యాను కోసము బాబూ" అని ఆమె చెప్పినది. పిచ్చుకలు గూడు పెట్టినది చావడిలోని దూలమున. పిల్లలకు మేత తెచ్చుటకు తల్లి రోజుకు వందమాఱులు వచ్చిపోవును. ఫ్యాను తిరుగుచున్నచో రెక్క తగిలి చచ్చును. ఒకసారి అట్లే జరిగినది. అప్పటినుండి ఆమె గూడు మొదలైన దినమును వ్రాసి, ఎగిరిపోయినవని వ్రాయువఱకు ఇంటివారెవరిని చావడి ఫ్యాను వేయనీయలేదు. వేసవిలో చుట్టములు వచ్చినను విసనకఱ్ఱలే ఇచ్చినది. "మా ఆయన చాలసార్లు కోపగించినారు" అని కూడ చేర్చినది.

2011 ఏప్రిల్ నెలలో 'పి. గూడు' అని యున్నది. తరువాత 'ఎగిరినవి' అని లేదు. మే నెలలో పాలలెక్క సగము గడులకే ఉన్నది. ఆ నెలలో పెంకుటిల్లు పడగొట్టి, వారు అద్దె యింటికి మాఱిరి. పనివారిని పది దినములు ఆపుమని ఆమె అడిగినదట. మేస్త్రీకి వేఱుచోట పని యున్నదని చెప్పి కొడుకు ఆపలేదట. ఆమె దీనిని ఎవరిని నిందింపక, పాలధర చెప్పినట్లు చెప్పినది. తరువాతి క్యాలెండర్లు రెండు ఉన్నవి, వానిలో 'పి' యను అక్షరము లేదు. 2005కు ముందటివి ఇంక పదునైదు ఉండెననియు, ఇల్లు మాఱునప్పుడు పాతకాగితములవానికి వేసిరనియు చెప్పినది.

మాస్టారు ఆమె అనుమతితో తేదీలన్నిటిని తన పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనెను. సభకు వచ్చినవారు లేచి పోవుచున్నను ఆయన వ్రాయుచునే యుండెను. పెద్దమ్మగారు ప్రక్కన కూర్చుండి, చెదిరిన సిరాను చదివి చెప్పుచుండెను.

ఇంటికి వచ్చి నేను మా అటక వెదకితిని. మా అత్తగారు ముప్పది యేండ్లు ఇంటిఖర్చు పుస్తకములు వ్రాసినది. అందులో పెరటి మామిడి మొదటి పూత పూసిన దినము, కోకిల మొదట కూసిన దినము పద్దుల నడుమ వ్రాయుట ఆమెకు వాడుక. ఆమె పోయిన మఱుసటి యేడు, చెదలు పట్టినవని, నేనే వానిని భోగిమంటలో వేసితిని. అటకలో వెదకుచున్నంతసేపును అది నాకు తెలిసియే యున్నది. అయినను వెదకితిని.

ఉత్తరము వ్రాసిన సోదరికి ఇప్పుడు చెప్పవలసినది చెప్పెదను. మీ పెరటిలో చిలుకలున్నవనుట నిజమే. నేను చెఱువుగట్టుకు పోయి నేర్చుకొన్నవి రెండే: పేరు అడుగుట, తేదీ వేయుట. ఈ రెండును ఇంటనే నేర్వవచ్చునుగాని, నేను ఇన్నేండ్లు ఇంటనే యుండియు నేర్వలేదు. పదిమంది కలిసినచోట ఒకరు చూచినదానిని ఇంకొకరు అడుగుదురు. అడిగినప్పుడు కాని మనకు తెలియనిది మనకు తెలియదు.

ఇట్టి వ్రాతలవలన కలుగు ప్రయోజనమును కూడ కొంచెము చెప్పవలెను. 2020లో మన దేశపు పక్షుల స్థితిని గూర్చి ఒక పెద్ద నివేదిక వచ్చినది. సుమారు 15,500 మంది సామాన్యులు తాము చూచి వ్రాసిన కోటికి పైబడిన పద్దులనుండి 867 జాతుల స్థితి అందులో కట్టిరి. 2023లో రెండవ నివేదిక 30,000 మంది వ్రాసిన మూడుకోట్ల పద్దులనుండి 942 జాతులను గూర్చి వచ్చినది. పిచ్చుక దేశమంతటను నశించిపోవుచున్నదని మనము వినుచుంటిమిగదా. పల్లెలను కలుపుకొని చూచినచో అది ఇంచుమించుగా నిలుకడగానే యున్నదనియు, హైదరాబాదు మొదలైన ఆరు మహానగరములలో మాత్రము తగ్గుచున్నదనియు మొదటి నివేదికలో తేలినది. ఫోను స్తంభములవలన చచ్చుచున్నవను మాటకు గట్టి ఋజువు దొరకలేదు. గూటికి సందులేని కొత్త గోడలు, పిల్లలకు పెట్టుటకు పురుగులు దొరకని పెరళ్లు ఎక్కువ అనుమానింపదగినవి. పిచ్చుక పెద్దదైన పిమ్మట గింజ తినునుగాని, పిల్లకు పురుగే కావలెను. కాబట్టి నూకలు చల్లుటతోపాటు పెరటిలో నాలుగు మొక్కలకు మందు చల్లకుండుటయు అవసరము. నూకలకు ముందు వచ్చునవి పావురములే యని ఆ సోదరియే వ్రాసినది!

ఈ పనిలో స్త్రీలు ముందుగా నడిచియున్నారు. సాలిం అలీగారు 1931-32లో నైజాము రాజ్యపు పక్షులను లెక్కించిన సంగతి చాలమంది ఎఱుగుదురు. ఆయన భార్య తెహమీనాగారు అట్టి యాత్రలలో ఆయనతోడ గుడారములలో కాపురము చేసినది. 1939లో ఆమె చనిపోయినది. రాంచీలో జమాల్ ఆరా అను నామె, కళాశాల చదువు లేకయే, ఛోటానాగపూరు అడవుల పక్షులను గూర్చి శాస్త్రపత్రికలకు వ్యాసములు వ్రాసి, 1970లో పిల్లలకై 'వాచింగ్ బర్డ్స్' అను చక్కని పుస్తకమును ప్రకటించినది. ఢిల్లీ ప్రాంతపు పక్షులకు మార్గదర్శకమైన గ్రంథమును వ్రాసినది ఉషా గంగూలీ. అది 1975లో, ఆమె గతించిన పిమ్మట, అచ్చయినది.

పోదలచిన సోదరీమణులకు రెండు మూడు మాటలు. దుర్భిణి కొనవలెనని తొందర వద్దు. గుంపులో ఎవరో యొకరు ఇత్తురు. చెప్పులకన్న బూట్లు మేలు. గాజులు తక్కువగా వేసికొనుడు, గాజుల చప్పుడుకు లకుముకి పిట్ట రెండుసార్లు లేచిపోయినది. మంచినీళ్లు ఇంటనుండియే తీసికొనిపొండు. చంటిబిడ్డలున్నవారు, పెద్దవారికి మందులు వేళకు ఇయ్యవలసినవారు గట్లవెంట తిరుగలేరు. వారికి ఇంకొక మార్గము కలదు. ఏటేట ఫిబ్రవరి నెలలో నాలుగు దినములు లోకమంతటను పెరటిపక్షులను లెక్కింతురు. మన దేశమున 2013 మొదలుకొని జరుగుచున్నది. వరండాలో పదునైదు నిమిషములు కూర్చుండి, కనబడినదానిని లెక్కించి పంపిన చాలును. పాలు కాగునంతలో ముగియును, పొంగకుండ చూచువారుండిన.

పుస్తకము మాటకు వత్తును. కొత్తది కొనవలసిన పనిలేదు. నేను మా పాలక్యాలెండరునే వాడుచున్నాను. ఈ నెల గడులలో వ్రాసినవి ఆఱు పద్దులు మాత్రమే, అందు రెండు కాకులవి. పిచ్చుకది ఒక్కటియు లేదు. నిన్నటి గడిలో ఇట్లున్నది: పాలు 1 లీటరు. ఉదయము 6-40, ఎదురింటి తీగమీద పసులపోలిగాండ్రు 2.